మందిరం ఆవరణలో ఏడు చెట్లు

ప్రశ్న: మేడం గారికి వందనాలు. మాది రేణిగుంటకూ శ్రీకాళహస్తికీ మధ్య, స్వర్ణముఖి దగ్గరి పల్లె. నాకు 27 ఏళ్లు. ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తున్నాను. వచ్చే ఏడాదికి మా సంఘానికి యాభై ఏళ్లు నిండుతాయి. జూబిలీ ఘనంగా చేయాలని కమిటీ అనుకుంది. మందిరం చుట్టూ మూడు వేపలు, రెండు కానుగలు, ఒక చింత, ఒక నేరేడు ఉన్నాయి. వాటిని కొట్టేసి, ఆవరణంతా సిమెంటు వేసి, రేకుల షెడ్డు కట్టాలని తీర్మానం రాశారు. మా నాయన కమిటీలో పెద్ద. మీటింగులో నేను వద్దన్నాను. "ఈ భూమి ఎట్లాగూ అగ్నిలో కాలిపోయేదే, రెండో పేతురు మూడో అధ్యాయం చదువుకో. మన పని ఆత్మల రక్షణ. చెట్లకు మొక్కేవాళ్లు వేరే ఉన్నారు" అని అందరి ముందూ అన్నారు. ప్రేమ విందు అయ్యాక ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు వంకలో పోసి కాలుస్తున్నారు, అది కూడా ఆ రోజే అడిగాను. అప్పటినుంచి నాయన నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చెట్ల గురించి ఇంత బాధపడితే నా విశ్వాసం తక్కువైనట్టా? నాయనతో ఎలా మాట్లాడాలి?

జవాబు: బాబూ, ముందు నీ నిద్ర సంగతి. నీ విశ్వాసం తక్కువ కాలేదు. ఈ బాధ నీ విశ్వాసంలోంచే పుట్టింది. నిన్ను ఊరడించడానికి ఈ మాట అనడం లేదు. ఎందుకు అంటున్నానో మనం చదివే గ్రంథం నుంచే చూపిస్తాను.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అంతకంటే ఎక్కువ ఏళ్లు సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం వచ్చింది ఒక్కసారే. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

మన చిత్తూరు, తిరుపతి వైపు మామిడి తోట తెలియనివాళ్లు ఉండరు. తోటను గుత్తకు తీసుకునేవాళ్లు ఉంటారు. ఒకటి రెండు కాపులకు డబ్బు కడతారు, ఆ కాయ లారీ ఎక్కేదాకే చాలామందికి చెట్టుతో పని. అదే తోటలో పాక వేసుకుని, రాత్రి టార్చిలైటు పట్టుకుని తిరిగే కాపలా మనిషి ఉంటాడు. తోట అతనిదీ కాదు. కానీ కొమ్మ విరిగినా, మేకలు పడినా యజమానికి జవాబు చెప్పుకోవాల్సింది అతనే. ఆదికాండం రెండో అధ్యాయం పదిహేనో వచనంలో దేవుడు మనిషికి ఇచ్చిన ఉద్యోగం ఈ కాపలా మనిషిది. ఏదెను తోటను "సేద్యపరచుటకును దాని కాచుటకును" అతన్ని అందులో ఉంచాడు. అప్పటికింకా పాపం లేదు, ధర్మశాస్త్రం లేదు, సంఘం లేదు, సువార్త కూటం లేదు. కాపలా పని మాత్రం ఉంది.

కాచుట అన్నచోట హీబ్రూలో ఉన్న మాట షామర్. సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలో యాజకులు ప్రజలను దీవించే మాటలున్నాయి కదా, యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక అని. ఆ కాపాడడం కూడా షామరే. ఆరాధన చివర అయ్యగారు చేతులెత్తి ఆ దీవెన పలుకుతుంటే మనం తల వంచుకుని నిలబడతాం. దేవుడు మనల్ని ఎట్లా కాపాడాలని కోరుకుంటామో, అట్లా కాపాడమనే ఆయన తోటను మన చేతిలో పెట్టాడు. నాకు ఈ సంగతి తెలిసింది నలభై ఏళ్లు దాటాక. ఆ రోజు నుంచి ఆ దీవెన విన్నప్పుడల్లా నాకు చెట్లు గుర్తొస్తాయి.

మొదటి అధ్యాయంలో భూమిని లోపరచుకోండి, ఏలండి అని ఉంది కదా అని మీ పెద్దలు అడగొచ్చు. ఉంది. ఆ మాటను అడ్డం పెట్టుకుని క్రైస్తవ దేశాలు చేసిన నష్టం కూడా ఉంది. 1967లో లిన్ వైట్ అనే అమెరికా చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ప్రకృతి ఉన్నదే మనిషి వాడుకోవడానికి అన్న ధోరణికి పాశ్చాత్య క్రైస్తవ్యమే బలం ఇచ్చిందని అందులో తప్పుపట్టాడు. ఆ విమర్శలో నిజం ఉందని నేను ఒప్పుకుంటాను. ఏలడం అంటే ఏమిటో మనం రాజుల్ని చూసి నేర్చుకున్నాం, శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువును చూసి నేర్చుకోలేదు. అయితే అదే వ్యాసంలో వైట్, ఇటలీ సన్యాసి అసీసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణం కోసం పాటుపడేవాళ్లకు ఆదర్శంగా పెట్టుకోమన్నాడు. 1979లో పోప్ రెండో జాన్ పాల్ ఫ్రాన్సిస్‌ను పర్యావరణ పరిరక్షకులకు పాలక పునీతుడిగా ప్రకటించారు. తప్పు చూపించినవాడే మందు కూడా ఆ ఇంట్లోనే ఉందని చెప్పాడు.

ఇక మీ నాయన చదువుకోమన్న వచనం. దాన్ని తేలిగ్గా తోసేయకు. ఆయన ఆ వచనాన్ని నిజంగా నమ్ముతున్నారు, నమ్మినదాన్ని పట్టుకుని మాట్లాడారు. అందుకే దాన్ని ఆయనతో కలిసి చదువు. రెండో పేతురు మూడో అధ్యాయం పదో వచనంలో భూమీ దానిమీదున్న కృత్యాలూ కాలిపోతాయని మన తెలుగు బైబిల్లో ఉంది. బాగా పాత గ్రీకు ప్రతులు కొన్నిటిలో అక్కడ కాలిపోవడం అనే మాట లేదు, బయటపడతాయి అనే అర్థమిచ్చే మాట ఉంది. కొత్త అనువాదాలు చాలావరకు దాన్నే తీసుకున్నాయి. అయినా నేను దాని మీద వాదం నిలబెట్టను. కాలిపోవును అనే చదువుదాం. దానికి నాలుగు వచనాల పైన ఏముంది? నోవహు నాటి లోకం నీళ్లలో నశించిందని ఉంది. ఆ నశించిన లోకంలో ఓడ దిగి నోవహు కాలు పెట్టింది ఎక్కడ? ఈ నేల మీదే. ఓడలోకి పవిత్రమైన జంతువులతోపాటు అపవిత్రమైనవీ ఎక్కాయి, నేల మీద పాకేవీ ఎక్కాయి. దిగాక దేవుడు నిబంధన చేసింది ఒక్క నోవహు కుటుంబంతో కాదు. ఓడలోంచి బయటికొచ్చిన ప్రతి ప్రాణితో చేశాడు. ఆదికాండం తొమ్మిదో అధ్యాయంలో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకసారి లెక్కపెట్టి చూడు.

పేతురు కూడా పదో వచనం దగ్గర ఆపలేదు. ఇవన్నీ ఇలా లయమైపోయేవి కాబట్టి మీరు ఎలాంటి ప్రవర్తనతో ఉండాలి అని పదకొండో వచనంలో అడుగుతాడు. పదమూడులో నీతి నివసించే కొత్త భూమి కోసం ఎదురుచూస్తున్నాం అంటాడు. లయమైపోయేదే కాబట్టి మీ ఇష్టం అని ఎక్కడా అనలేదు.

ఇంకో సంగతి. మన శరీరం కూడా మట్టిలో కలిసేదే. చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు పాత సంఘాల్లో చాలావాటికి అమెరికా మిషనరీలు నడిపిన ఆర్కాట్ మిషన్‌తో సంబంధం ఉంది. ఆ మిషన్ కుటుంబంలో పుట్టిన ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. ఈ రోజుకీ మన జిల్లాలో పెద్ద జబ్బు అంటే మొదట నోటికొచ్చే మాట వేలూరే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లు కలిసి క్షయ ఆస్పత్రి పెట్టినప్పుడు క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, ఇంతే వైద్యం. ఆత్మ రక్షణే మన పని, శరీరం ఎట్లాగూ పోయేదే అని వాళ్లు అనుకుని ఉంటే మన తాతల్లో ఎంతమంది బతికేవాళ్లు? పోయే శరీరాన్ని పోయేదాకా చూసుకోవడం భక్తికి అడ్డం కాలేదు. భూమి విషయంలో మాత్రం ఎందుకు అడ్డమవుతుంది?

చెట్లకు మొక్కేవాళ్లు వేరే ఉన్నారన్న మాట నాకు కష్టంగా అనిపించింది. మన పల్లెల్లో రచ్చబండ మీద రావిచెట్టు ఇన్ని తరాలు నిలిచిందంటే దానికి పసుపు కుంకుమ పెట్టిన అమ్మల భక్తి వల్లే నిలిచింది. వాళ్ల విశ్వాసం వాళ్లది, మన విశ్వాసం మనది. మనం చెట్టుకు మొక్కం. కానీ భూమీ దాని సంపూర్ణతా యెహోవావే అని ఇరవై నాలుగో కీర్తన పాడతాం. సొంతదారు ఎవరో తెలిసినవాడు ఆ సొత్తును పూజించడు, పాడు కూడా చేయడు. ఇరుగుపొరుగువాళ్లు మొక్కి కాపాడుకున్నంత కూడా మనం మొక్కకుండా కాపాడుకోలేకపోతే, మందిరం గోడ అవతల నిలబడి చూసేవాళ్లకు మన దేవుడి గురించి ఏం తెలుస్తుంది?

నువ్వు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేటప్పుడు పడమరగా శేషాచలం కొండలు కనిపిస్తుంటాయి. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన అడవి అది. అక్కడ రాతి నెరియల్లో బంగారు బల్లి ఉంది. రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా కదిలే దేవాంగపిల్లి ఉంది. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేదే శేషాచలం, పాలకొండ, వెలికొండ, లంకమల లాంటి మన కొండల్లో. యోబు గ్రంథం చివర్లో దేవుడు యోబుకు జవాబు చెప్పేటప్పుడు మనుషులు లేని చోట వాన కురిపించేది ఎవరు, కొండమేకలు ఈనేది నువ్వు చూశావా అని అడుగుతాడు. మనిషికి పనికొచ్చేవాటి జాబితా చదవడు. ఎవరికీ కనపడని బంగారు బల్లి కూడా ఆయన లెక్కలో ఉంది. పిల్లల్ని తలకోన తీసుకెళ్లినప్పుడల్లా నేను యోబు ముప్పై తొమ్మిదో అధ్యాయం చదివించేదాన్ని. నీళ్ల చప్పుడులో సగం మాటలు వినపడేవి కాదు, అయినా పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట దగ్గరికి వస్తాను. జూబిలీ.

లేవీయకాండం ఇరవై ఐదో అధ్యాయం తీయి. మన తెలుగు బైబిల్లో దాన్ని సునాద సంవత్సరం అన్నారు. పొట్టేలు కొమ్ము ఊది ఆ ఏడాదిని ప్రకటించేవాళ్లు. ఆరేళ్లు సేద్యం చేసి ఏడో ఏడు నేలను బీడుగా వదలాలి. నేల కూడా విశ్రాంతిదినం ఆచరించాలి. అలా ఏడేళ్లు ఏడుసార్లు, నలభై తొమ్మిదేళ్లు. ఆ తర్వాతిది యాభయ్యో ఏడు. ఆ ఏడు విత్తకూడదు. తనంతట పండింది కూడా కోసి గాదెలకు ఎత్తకూడదు. అప్పుల్లో పోయిన పొలం మొదటి కుటుంబానికి తిరిగి రావాలి, అమ్ముడుపోయిన మనిషి తన ఇంటికి తిరిగి వెళ్లాలి. ఎందుకంటే భూమి నాది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు అంటాడు దేవుడు, ఇరవై మూడో వచనంలో. జూబిలీ అన్న మాట మనకు వచ్చింది ఈ అధ్యాయం నుంచే. వెండి పూత పూసిన షీల్డులు, శాలువాలు, ఫ్లెక్సీలు తర్వాత వచ్చి చేరినవి. మొదట్లో ఆ పండుగ అప్పుల్లో చితికిన మనిషిది, అలసిపోయిన నేలది.

నేలకు ఊపిరి ఇమ్మని దేవుడు చెప్పిన ఏడాది పేరు పెట్టుకుని, అదే నేల మీద సిమెంటు పరిచి ఊపిరి ఆపుతామా? బాబూ, మీ నాయనతో నువ్వు మాట్లాడాల్సింది ఈ ఒక్క అధ్యాయం గురించే. ఆయన వాక్యం తెలిసిన మనిషి. వాక్యంతోనే వెళ్లు.

ఇంకొక్క వచనం మాత్రం చేతిలో పెట్టుకో. ద్వితీయోపదేశకాండం ఇరవయ్యో అధ్యాయం పంతొమ్మిది. శత్రువు పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా దాని పండ్ల చెట్లను గొడ్డలితో పాడు చేయకూడదని సైనికులకు ఇచ్చిన ఆజ్ఞ. యుద్ధంలో శత్రువు ఊరి చెట్టుకు దొరికిన రక్షణ, మన మందిరం ముందున్న చింతకూ నేరేడుకూ దొరకాలి.

సంఘం ఈ పని చేయలేదా అంటే చేసింది. ఇథియోపియా ఉత్తర భాగంలో ఊళ్ల చుట్టూ అడవి దాదాపు పోయింది, సేద్యానికీ మేపుకీ కొట్టేశారు. అక్కడి ఆర్థడాక్స్ చర్చిల చుట్టూ మాత్రం పాత అడవి మిగిలింది. పైనుంచి తీసిన ఫొటోల్లో ఎండిన పొలాల మధ్య పచ్చటి చుక్కల్లాగా కనిపిస్తాయి, ప్రతి చుక్క మధ్యలో ఒక గుండ్రటి చర్చి కప్పు. చర్చి అంటే ఏదెను తోటకు పోలిక, చెట్లు లేని చర్చికి గౌరవం లేదు అని వాళ్లు తరతరాలుగా నమ్మారు. అలెమయెహు వాసే అనే ఇథియోపియా శాస్త్రవేత్త, మార్గరెట్ లోమన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ అడవుల మీద పనిచేశారు. పశువులు దూరి మొలకలు తినేస్తున్నాయని గమనించారు. అక్కడి పాస్టర్లతో కలిసి కూర్చుని మాట్లాడాక, పొలాల్లో అడ్డంగా ఉన్న రాళ్లు ఏరి చర్చి అడవుల చుట్టూ గోడలు కట్టుకున్నారు. రాయి తీసేస్తే పొలం బాగుపడింది, గోడ లేస్తే అడవి బాగుపడింది. ఇది చదివిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

పండుగ పద్ధతి మార్చుకోవడం కూడా కొత్త కాదు. కొలంబియాలో మట్టల ఆదివారానికి మైనపు తాటి అనే కొండ చెట్టు లేత మట్టలు కోసేవాళ్లు. ఆ చెట్ల తొర్రల్లో గూడు పెట్టే పసుపు చెవుల చిలుక దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. పక్షుల కోసం పనిచేసేవాళ్లూ అక్కడి కేథలిక్ సంఘమూ కలిసి వేరే ఆకులు పట్టుకోమని ఊరూరా చెప్పారు. చిలుకలు మళ్లీ పెరిగాయి. హోసన్నా పాట ఆగలేదు.

మీది ఏ సంఘమో నువ్వు రాయలేదు. ఏదైనా సరే, 1989లో ఆర్థడాక్స్ పెద్ద దిమిత్రియోస్ సెప్టెంబర్ 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా పెట్టారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ కేథలిక్కులకూ ఆ రోజును ప్రకటించారు. అక్కడినుంచి అక్టోబర్ 4, అంటే అసీసీ ఫ్రాన్సిస్ పండుగ దాకా చాలా సంఘాలు ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాయి. దక్షిణ ఇండియా సంఘంలో పర్యావరణం కోసం ఒక విభాగమే ఉంది. ఇది నీ ఒక్కడి పిచ్చి కాదని మీ నాయనకు తెలియడానికి ఈ నాలుగు సంగతులూ చాలు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, నేను ఆరాధనకు వెళ్లే చోట ఒక పెద్ద వేపచెట్టు ఉండేది. బండ్లు నిలపడానికి చోటు చాలడం లేదని కొట్టేద్దామన్నారు. కమిటీలో నేనూ ఉన్నాను. వృక్షశాస్త్రం చదివినదాన్ని, ఆ చెట్టు వయసు, దాని విలువ అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. అయినా పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పడం ఎందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. తర్వాతి ఎండాకాలంలో ఆరాధన అయ్యాక ముసలివాళ్లు నిలబడి మాట్లాడుకునే చోటు లేకుండా పోయింది. దీవెన అయిన వెంటనే అందరూ ఇళ్లకు వెళ్లిపోవడం మొదలుపెట్టారు. చెట్టు కిందే ఒకరి బాధలు ఒకరికి తెలిసేవి, ఆస్పత్రి ఖర్చుకు చందాలు అక్కడే పోగయ్యేవి. అది పోయాక గానీ మాకు తెలియలేదు. నువ్వు మీటింగులో లేచి మాట్లాడావు. నేను చేయలేని పని నువ్వు చేశావు.

కానీ ఒక పొరపాటు కూడా చేశావు. చెట్లు, ప్లాస్టిక్, కాల్చడం, అన్నీ ఒకేసారి అందరి ముందూ పెట్టావు. మీ నాయనకు తన కొడుకు సంఘం మొత్తాన్ని తప్పుపడుతున్నట్టు వినిపించి ఉంటుంది. ఇప్పుడు ఒక్క చెట్ల విషయమే మాట్లాడు. ప్రేమ విందు సంగతి ఆరు నెలలు ఆగినా పర్వాలేదు. కొట్టిన చెట్టు ఆరు నెలల్లో తిరిగి రాదు.

మాట్లాడేది ఇంట్లో, ఆయన భోంచేసి మంచం వాల్చుకున్న సాయంత్రం. ముందు ఆ రోజు అందరిలో అలా మాట్లాడినందుకు క్షమించమను. నీ మాట తప్పని ఒప్పుకోమనడం లేదు, మాట్లాడిన చోటు సరికాదని ఒప్పుకుంటే చాలు. తర్వాత ఒక్క ప్రశ్న అడుగు: ఈ చెట్లు ఎవరు నాటారు నాయనా? మన పల్లె సంఘాల్లో చాలావాటికి మొదటి మందిరం ఏదో ఒక చెట్టు నీడే. గోడలు లేవకముందు చింతకిందో వేపకిందో చాపలు పరుచుకుని పాడుకున్నారు. మీ చింతచెట్టుకు యాభై ఏళ్లు దాటి ఉంటే ఆ కథ మీ నాయనకో, సంఘంలో వయసైన ఒక అమ్మకో తెలిసే ఉంటుంది. ఆయన చెబుతుంటే మధ్యలో అడ్డం రాకు. జూబిలీ అధ్యాయం ఆ రాత్రి తీయొద్దు, ఇంకో రోజు తీయి. వాట్సాప్ స్టేటస్‌లో ఏమీ పెట్టొద్దు. నీ మాట ఆయనకు నీ నోటినుంచి చేరాలి, మేనత్త ఫోన్‌లోంచి కాదు.

కమిటీ అవసరాన్ని కూడా నువ్వు గుర్తించాలి. వానొస్తే బురద, వయసైనవాళ్లు జారిపడతారు, జూబిలీకి వందలమంది వస్తారు, నీడ కావాలి. ఇవి నిజమైన ఇబ్బందులే. అందుకే వద్దు అనే మాటతో పోవద్దు, ఒక ప్లానుతో పో. నడిచే దారిలో కడప బండలు సందులు వదిలి పరిస్తే బురదా ఉండదు, నీళ్లూ ఇంకుతాయి. ప్రతి చెట్టు మొదలు చుట్టూ కనీసం నాలుగైదు అడుగులు మట్టి వదలాలి. షెడ్డును చెట్లు లేని వైపుకు జరపండి, లేదా జూబిలీకి షామియానా వేయండి. షెడ్డుకు తాకే కొమ్మలను మాత్రం కొట్టించండి. వేపకింద ఉండే చల్లదనం రేకుల కింద మే నెలలో దొరకదు, ఈ మాట మీ ఊళ్లో ఎవరికీ నేర్పక్కర్లేదు. ఏడింటిలో ఒకటి నిజంగా తొర్రపడి మందిరం మీదికి వాలి ఉంటే, దాన్ని తీసేయడానికి ఒప్పుకో. ప్రమాదమున్న చెట్టును కూడా పట్టుకుని వేలాడితే మిగతా ఆరింటి గురించి నీ మాట వినరు.

2021 నవంబరు వానలు నీకు గుర్తుండే ఉంటాయి. తిరుపతి వీధుల్లో నీళ్లు ఏరులయ్యాయి, స్వర్ణముఖి ఒడ్లు తెంచుకుంది, రాయలచెరువు గట్టు కారుతుంటే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. నీళ్లు ఇంకే చోటు మూసుకుంటూ పోతే వాన కురిసిన రోజు వరద, ఎండాకాలం ఎండిన బోరు, రెండూ మనకే. మీ మందిరం కప్పు వెయ్యి చదరపు అడుగులు, ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన అనుకుంటే, ఆ కప్పు మీద పడేది 80 వేల లీటర్లకు పైనే. ఒక పైపు దించి ఇంకుడు గుంత తవ్వితే జూబిలీ గుర్తుగా అది నిలుస్తుంది. మీ తాతలు స్వర్ణముఖి ఇసుకలో చెలమ తవ్వి బిందె నింపుకున్నవాళ్లు. నీళ్ల మాట చెబితే మీ పెద్దలకు వెంటనే అర్థమవుతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. నీళ్లు, నేల, చెట్ల రక్షణ కోసం వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చాలా చెట్లను కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఇది బెదిరింపుగా వాడొద్దు. అనుమతి లేకుండా కొడితే రేపు సంఘం పేరు చెడుతుంది నాయనా, ముందు కనుక్కుందాం అని చెప్పు. ఆయన పెద్దరికానికి అది కాపుదలే అవుతుంది.

ప్రేమ విందు సంగతి తర్వాత ఎత్తినప్పుడు, యోహాను సువార్త ఆరో అధ్యాయం చదవండి. ఐదు వేలమందికి విందు అయ్యాక ప్రభువు చెప్పిన మొదటి మాట "ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి" అని. అద్భుతం చేసి రొట్టె పుట్టించగలిగినవాడు ముక్కల్ని నేల మీద వదలనివ్వలేదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధంలో ఉన్నాయి కూడా. జూబిలీ చందాలోంచి స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొంటే ఏళ్లపాటు సంఘానికి ఉంటాయి, పెళ్లిళ్లకూ ఇవ్వొచ్చు. లేదా మన విస్తరాకే ఉంది. యువకులు కడుగుతామని ముందే పూచీ పడితే ఆడవాళ్లు కూడా నీ పక్షమే నిలబడతారు, ఎందుకంటే ఆ కడిగే పని తమ మీద పడుతుందనే వాళ్ల భయం. ఫ్లెక్సీలు మాత్రం ఎప్పుడూ కాల్చనివ్వకు. అవి పీవీసీ, ఆ పొగలో డయాక్సిన్లు అనే విషాలు ఉంటాయి, వంక పక్కన ఆడుకునే పిల్లలు పీల్చేది దాన్నే.

ఇంత చేసినా చెట్లు కొట్టేస్తే? అలా జరగొచ్చు కూడా. అప్పుడు సంఘం మానేయకు, మీ నాయనతో మాట మానేయకు. దానికి ఇప్పటినుంచే ఒక పని చేసి పెట్టుకో. ఈ ఏడాది ఆ ఏడు చెట్ల గింజలు ఏరు. చింతగింజ నెలల తరబడి నిల్వ ఉంటుంది. కానుగ కాయలు ఎండాక ఒలిచి దాచుకోవచ్చు. వేపగింజకు అంత ఓపిక లేదు, పండు రాలిన రెండు మూడు వారాల్లో మొలిచే శక్తి బాగా తగ్గిపోతుంది, వెంటనే సంచుల్లో పెట్టేయాలి. నేరేడు ఇంకా సున్నితం, గింజ ఎండితే మొలవదు. తిన్న రోజో మరుసటి రోజో మట్టిలో పడాలి. సండే స్కూలు పిల్లలకు నేరేడు పండ్లు పంచిపెట్టి, గింజ ఉమ్మే ముందు తలా ఒక సంచి చేతికివ్వు. ఆ సంచులకు నీళ్లు పోసే పని మీ నాయనను అడుగు. నువ్వు డ్యూటీలో ఉండే పగటిపూట మందిరం దగ్గర ఉండేది ఆయనే కదా.